నాక్కాదు బాబూ, దీనికి

2013 ఎండాకాలం. రాజమండ్రిలో నేను ఓపీ మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. బోర్డు మీద నా పేరు కింద "రుమటాలజిస్ట్" అని రాయించాను. ఆ మాట ఎవరికీ నోరు తిరగడం లేదని మా కాంపౌండరు దాని కింద "కీళ్ళవాతం డాక్టరు" అని ఇంకో లైను చేర్పించాడు. జనం రావడం మొదలైంది ఆ రెండో లైను చూసే.

ఆ రోజు ఒక మామ్మగారు మనవరాల్ని చంకనేసుకుని వచ్చారు. కాంపౌండరు అలవాటు కొద్దీ ఓపీ చీటీ మీద ఆవిడ పేరూ వయసూ రాసేసి, "ఎన్నాళ్ళ నుంచండీ నొప్పులు?" అన్నాడు.

"నాక్కాదు బాబూ, దీనికి" అన్నారావిడ.

అతను పెన్ను ఆపి లోపలికొచ్చి, "మేడమ్, చిన్నపిల్లండి. పిల్లల డాక్టరుగారి దగ్గరికి పంపించెయ్యమంటారా?" అని అడిగాడు. నెల రోజుల ముందైతే పంపించెయ్యమనేదాన్నే. ఎందుకు మనసు మారిందో కిందికి వచ్చాక చెప్తాను.

నాలుగేళ్ళ పిల్ల. "పొద్దున్న మంచం దిగదండి. దించితే ఏడుస్తాది, ఎత్తుకునే తిప్పాలి. పదింటికల్లా మామూలే, కోడిపిల్లల ఎనకాల పరిగెడతాది. దొంగేషాలనుకున్నామండి ఇన్నాళ్ళూ" అని మామ్మగారు చెప్పుకొచ్చారు.

పొద్దున్న ఏడుపు, పదింటికి పరుగు. దీన్ని దొంగవేషం అనుకోని ఇల్లు నేనింతవరకూ చూడలేదు. కీలు లోపల వాపుంటే రాత్రంతా కదలిక లేక బిగుసుకుపోతుంది, కాసేపు తిరిగాక వదులవుతుంది. ఎదిగే పిల్లలకి మామూలుగా వచ్చే కాళ్ళనొప్పులు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటాయి. రాత్రి పడుకున్నాక రెండు కాళ్ళూ లాగుతున్నాయని ఏడుస్తారు, అమ్మ కాసేపు పిసికితే నిద్రపోతారు, పొద్దున్నకి ఏమీ ఉండదు. అందుకే తల్లిదండ్రులు నా దగ్గరికి రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ నొప్పి?" కాదు, "ఏ వేళప్పుడు?"

నేను పిల్లని ముట్టుకోలేదు. నా పెన్ను కింద పడేసి, "అమ్మలూ, అది కాస్త అందివ్వవా?" అన్నాను. చక్కగా దిగి తీసిచ్చింది. కానీ గొంతుక్కూర్చోలేదు. ఎడమ మోకాలు వంచకుండా, ఆ కాలు పక్కకి జాపి, నడుం నుంచి వంగి తీసింది. తర్వాత రెండు అరచేతులూ రెండు మోకాళ్ళ మీద పెట్టాను. మామూలుగా మోకాలు తొడకంటే, పిక్కకంటే చల్లగా ఉండాలి. కుడిది అలాగే ఉంది. ఎడమది వెచ్చగా ఉంది, చిప్ప పక్కన ఉండాల్సిన చిన్న గుంట పూడిపోయింది.

ఫైలు తీస్తే ఏఎస్‌ఓ అనే రక్తపరీక్ష పాజిటివ్ రిపోర్టు ఉంది. దాన్ని పట్టుకుని, రుమాటిక్ ఫీవర్ అనుకుని, ఎనిమిది నెలలుగా ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయిస్తున్నారు. ఎవరు రాశారో అడగలేదు. మన దేశంలో రుమాటిక్ ఫీవర్ నిజంగానే ఉంది, గుండె కవాటాలు పాడుచేస్తుంది, ఆ భయం అనవసరమైనదేమీ కాదు. కానీ ఆ జ్వరంలో నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకి గెంతుతుంది, కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఒకే మోకాలు ఎనిమిది నెలలు వాచి కూర్చోదు. ఏఎస్‌ఓ చెప్పేదల్లా ఈ పిల్లకి ఎప్పుడో గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వచ్చిపోయిందని. అది ఎంతమంది పిల్లలకి వచ్చిపోదు? అదే ఫైల్లో, కీళ్ళవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష నెగెటివ్ అనీ, "వాతం లేదు" అనీ రాసి ఉంది. పెద్దవాళ్ళలోనే ఆ పరీక్ష అందరికీ పాజిటివ్ రాదు, ఇక పిల్లల ఆర్థరైటిస్‌లో నూటికి తొంభై మందికి పైగా నెగెటివే. పదహారేళ్ళ లోపు మొదలై, ఆరు వారాలు దాటి ఉండి, వేరే కారణమేదీ దొరకని కీళ్ళవాపుని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. క్లుప్తంగా జేఐఏ. పెద్దల రుమటాయిడ్ జబ్బుకి ఇది చిన్న సైజు కాదు, దీని లెక్కే వేరు.

ఇప్పుడు ఆ మనసు మారడం సంగతి.

నేను ఎండీ జనరల్ మెడిసిన్ చేస్తుండగా 2006లో చికున్‌గున్యా వచ్చింది. ఆ ఏడాది మన జిల్లాల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊళ్ళకి ఊళ్ళు మంచం పట్టాయి. టాంజానియాలో 1952లో మొదటిసారి గుర్తించినప్పుడు అక్కడి మకొండే భాషలో పెట్టిన పేరది, వంకర తిప్పేసేది అని అర్థం. క్యాంపులో వరసగా నుంచున్న జనాన్ని చూస్తే అంతకన్నా మంచి పేరు లేదనిపించింది. జ్వరం పోయినా నెలల తరబడి కీళ్ళు వదల్లేదు, మా ప్రొఫెసర్లు కూడా నొప్పి మాత్రలు తప్ప ఏమీ చెప్పలేకపోయారు. నేను రుమటాలజీ వైపు వెళ్ళింది ఆ విసుగులోంచే. ఆ మూడేళ్ళ చదువులో పిల్లల్ని చూసింది కొద్ది వారాలే. కాబట్టి రాజమండ్రి వచ్చాక "పెద్దవాళ్ళని మాత్రమే చూస్తాను" అని గట్టిగా చెప్పుకునేదాన్ని. నిజాయితీ అనుకున్నాను.

అలాగే ఒక పిల్లాడిని హైదరాబాద్ పొమ్మని చీటీ రాసి పంపాను. ఏడు నెలల తర్వాత, ఈ మామ్మగారు రావడానికి వారం ముందు, వాళ్ళ నాన్న మళ్ళీ తీసుకొచ్చాడు. రైస్ మిల్లులో పని ఆయనకి. హైదరాబాద్ వెళ్ళలేదు. కూలి పోతుందని, అక్కడ ఎవర్నడగాలో తెలియదని. నేను రాసిన చీటీ మడతల దగ్గర చిరిగిపోయి ఇంకా చొక్కా జేబులోనే ఉంది. ఈలోగా పిల్లాడి మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయి, మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. "మీరు రాసిన కాయితం జాగర్తగానే ఉంచానండి" అన్నాడాయన.

నాకు రావలసిన చదువు అప్పుడు మొదలైంది. మధ్యాహ్నాలు ఊళ్ళో తెలిసిన పిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాతి ఏడాది రెండు నెలలు ప్రాక్టీసు మూసేసి, పిల్లల రుమటాలజీ విభాగమున్న పెద్దాసుపత్రికి వెళ్ళి, నా తర్వాత పదేళ్ళకి పుట్టిన రెసిడెంట్ల వెనకాల నోట్‌బుక్ పట్టుకుని తిరిగాను. వాళ్ళు నన్ను "మేడమ్" అనాలో "సిస్టర్" అనాలో తేల్చుకోలేకపోయారు.

పెద్దవాళ్ళ దగ్గర చెవులతో పని. కడియంలో నర్సరీలో పనిచేసే ఒకావిడ వస్తారు. మొదటిసారి వచ్చినప్పుడే, "తొమ్మిదయ్యే దాకా వేళ్ళు ముడుచుకోవండి, అంటు కట్టలేను, మేస్త్రి పక్కన పడేస్తున్నాడు" అన్నారు. ఒక్క వాక్యంలో నాకు కావలసినవన్నీ ఉన్నాయి. రుమటాయిడ్ అని దాదాపు అక్కడే తేలిపోయింది. నాలుగేళ్ళ పిల్ల ఇలా చెప్పదు. నొప్పని కూడా అనదు, ఆట మానేస్తుంది అంతే. అలా కళ్ళతో చూడడం అలవాటయ్యాక పెద్దవాళ్ళని కూడా గుమ్మంలోంచి కుర్చీ దాకా నడిచి రావడం చూస్తున్నాను. అంతకుముందు ఆ కాస్సేపూ పాత ఫైలు తిరగేస్తూ ఉండేదాన్ని.

పిల్లల వల్ల పెద్దవాళ్ళకి జరిగిన మేలు ఇంకోటి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, మూడు వారాలుగా జ్వరం. మన దగ్గర మూడు వారాల జ్వరమంటే విడాల్ పాజిటివ్ అని టైఫాయిడ్ మందులు రెండు కోర్సులు అయిపోయే వస్తాడు, ఇతనూ అంతే. పొద్దున్న రౌండ్స్‌లో చూస్తే నవ్వుతూ ఇడ్లీ తింటున్నాడు, టెంపరేచర్ నార్మల్. చార్టు చూస్తే రోజూ సాయంత్రం ఒకే వేళకి నూట మూడు. ఇలాంటి గీత అంతకు ముందు ఏడాది ఒక ఆరేళ్ళ పిల్లాడి చార్టులో చూశాను. ఆ రోజు సాయంత్రం ఏడింటికి మళ్ళీ వార్డుకెళ్ళి చొక్కా విప్పమన్నాను. ఛాతీ మీద, చంకల కింద లేత గులాబీ రంగు మచ్చలు. దురద లేదు. "ఇవి పొద్దున్న లేవే" అని నర్సు ఆశ్చర్యపోయింది. పొద్దున్న ఉండవు, జ్వరంతో వస్తాయి, జ్వరంతో పోతాయి. ఫెరిటిన్ అనే రక్తపరీక్షకి పంపిస్తే వేలల్లో వచ్చింది. పిల్లల్లో చూసే స్టిల్ జబ్బే ఇది.

జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే లండన్ పిల్లల డాక్టరు 1897లో ఇరవై ఇద్దరు పిల్లల గురించి రాశాడు. పిల్లల్లో వచ్చేది పెద్దల కీళ్ళవాతం లాంటిది కాదని మొదట పట్టుకున్నవాళ్ళలో ఆయనొకడు. అదే జబ్బు పెద్దవాళ్ళకీ రావచ్చని బైవాటర్స్ అనే ఆయన పధ్నాలుగు మందిని చూపించి రాసింది 1971లో. మధ్యలో డెబ్భై నాలుగేళ్ళు. పిల్లల డాక్టర్లు పిల్లల వార్డులో, పెద్దల డాక్టర్లు పెద్దల వార్డులో ఉండిపోవడం కూడా ఒక కారణమేమో అని నా అనుమానం. రుజువు లేదు.

ఇక పసుపు మాత్ర.

మెథోట్రెక్సేట్ లేకపోతే నా వృత్తే లేదు. వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. మిగతా రోజుల్లో, నోటిపూత రాకుండా, ఫోలిక్ యాసిడ్ ఇస్తాం. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి మా పక్కూరాయన. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అన్నగారు, తిన్నది ఒంటికి పట్టని స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఈయన అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేయించారు. దానికి అడ్డుపడే మందులూ ఆ బృందం నుంచే వచ్చాయి. ముందు అమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్. వాటిని వాడింది పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి. కీళ్ళ జబ్బుకి పనికొస్తాయని 1951లో ఒక చిన్న రిపోర్టు వచ్చింది, కానీ అప్పటికి మూడేళ్ళ ముందే సుబ్బారావుగారు పోయారు. పిల్లల ఆర్థరైటిస్‌లో పనిచేస్తుందని గట్టిగా రుజువైంది 1992లో, అమెరికా, సోవియట్ యూనియన్ డాక్టర్లు కలిసి నూట ఇరవై ఏడు మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో. పేపరు అచ్చయ్యేసరికి సోవియట్ యూనియనే లేదు.

ఈ కథ నేను ఓపీలో చెప్తాను. "క్యాన్సర్ మందు ఇస్తున్నారంట" అని మెడికల్ షాపులోనో, ఫోన్‌లోనో చూసి బెదిరిపోయి వచ్చినవాళ్ళకి "మన భీమవరం ఆయన మందేనండి" అంటే సగం టెన్షన్ దిగుతుంది. అందులో వైద్యం ఏమీ లేదని నాకూ తెలుసు.

చిక్కేమిటంటే మెథోట్రెక్సేట్ పసుపు, మన దగ్గర దొరికే ఫోలిక్ యాసిడ్ కూడా చాలావరకు పసుపే. కోనసీమ నుంచి వచ్చే ఒక కొబ్బరి వ్యాపారికి షాపువాళ్ళు కవర్ల మీద రాసింది తారుమారైంది. వారానికి ఒక్కటి వేసుకోవలసింది ఆరు రోజులు, ఆరు రోజులు వేసుకోవలసింది ఒక్కరోజు. పన్నెండో రోజున నోరంతా పుండ్లతో, జావ కూడా మింగలేక వచ్చారు. తెల్లకణాలు అడుగంటాయి. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు, యాంటీబయోటిక్స్, పది రోజుల అడ్మిషన్. బయటపడ్డారు. షాపు మీద కోపమొచ్చింది గానీ, నా చీటీ తీసి చూస్తే నేను రాసింది ఇంగ్లీషులో, "వన్స్ వీక్లీ" అని, అదీ గొలుసుకట్టు రాతలో. అప్పట్నుంచి తెలుగులో, పెద్దక్షరాల్లో "వారానికి ఒక్క రోజే – బుధవారం" అని రాసి, చుట్టూ గీత గీసి, చదివించుకుని మరీ పంపిస్తున్నాను.

బుధవారమే ఎందుకని అడుగుతారు. మొదట్లో పిల్లలకి శనివారం రాత్రి రాసేదాన్ని, మర్నాడు కడుపులో తిప్పినా స్కూలు పోదు కదా అని. మామ్మలు ఒప్పుకోలేదు, శనివారం ఒక్కపొద్దు. పిల్లలు అంతకంటే ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ళవాడొకడు నా మొహమ్మీదే చెప్పాడు, "ఆదివారం కోడికూర తినలేకపోతున్నాను మేడమ్." అది పాయింటే. పసుపు రంగు మీదే ద్వేషం పెంచుకునే పిల్లలు కూడా ఉంటారు. మాత్ర చూడగానే, కొందరికి తలుచుకోగానే వాంతి. ఒక పిల్ల పులిహోర పళ్ళెం చూసి వాంతి చేసుకుందని వాళ్ళమ్మ చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్లని ఇంజెక్షన్‌కి మార్చాం. అదీ పసుపే! సిరంజికి కాగితం చుట్టి ఇస్తున్నారు వాళ్ళ నాన్న.

నా తప్పు ఇంకోటి ఉంది, దీన్ని రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2015లో ఒక మూడేళ్ళ పాప. ఒక్క మోకాలు, ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్. మోకాల్లో ఇంజెక్షన్ చేస్తే వాపు మంత్రించినట్టు పోయింది. ఇలాంటి పిల్లల్లో కంటి లోపల వాపు రావచ్చు. యువియైటిస్. కన్ను ఎర్రబడదు, నొప్పుండదు, నీరు కారదు. కంటి డాక్టరు దగ్గరుండే స్లిట్ ల్యాంప్ కింద చూస్తే తప్ప తెలియదు. అందుకే మూడు నెలలకోసారి కంటి డాక్టరుకి చూపించాలి, పిల్ల ఎంత బాగున్నా సరే. నాకిది తెలుసు. మొదటిసారి పంపాను, బాగుందన్నారు. మోకాలు బాగుందన్న సంతోషంలో రెండోసారి రాయడం మర్చిపోయాను. ఏడాది తర్వాత వాళ్ళమ్మ, "ఫొటోల్లో దీని ఎడమకన్ను నల్లగుడ్డు గుండ్రంగా ఉండట్లేదండి" అంది. కనుపాప అంచు వెనకున్న లెన్స్‌కి అతుక్కుపోయి వంకరైంది. వాపుని అణిచే అడాలిముమాబ్ ఇంజెక్షన్ పెట్టాం. మన దేశంలో దాని బయోసిమిలర్, అంటే దానిలాంటిదే చవక మందు, 2014 డిసెంబరులో వచ్చింది కాబట్టి ఆ కుటుంబం అంతో ఇంతో భరించగలిగింది. చూపు చాలావరకు నిలిచింది. పూర్తిగా కాదు. వాళ్ళమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు నా టేబుల్ మీద కళ్ళ పరీక్షకి వేరే నోట్‌బుక్ ఉంది, పాలవాడి ఖాతాలా.

తల్లీ బిడ్డా ఒకే చీటీలో వచ్చిన కేసు ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. నెలన్నర పసిపాప, కళ్ళ చుట్టూ ఎర్రటి గుండ్రటి మచ్చలు, గుడ్లగూబ కళ్ళజోడు పెట్టుకున్నట్టు. పిల్లల డాక్టరుకి అనుమానమొచ్చి పంపారు. నేను పాపని చూసి, రక్తం వాళ్ళమ్మది తీయించాను. "నాకేమీ లేదండీ" అంటోంది ఆ అమ్మాయి. ఆవిడలో యాంటీ-రో పాజిటివ్, అంటే సొంత ఒంటి మీదే తిరగబడే ఒక రకం యాంటీబాడీలున్నాయి. కడుపులో ఉండగా ఆ యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వెళ్ళాయి. పాప మచ్చలు కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి, పోయాయి కూడా. ఈ పాపకి గుండె బాగుంది. గుండె లయ దెబ్బతినే ప్రమాదం నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది. రెండో కాన్పుకి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతూ, ఐదో నెల చుట్టూ బిడ్డ గుండెని స్కాన్‌లో చూసుకుంటూ గట్టెక్కించాం. తల్లికి అసలు జబ్బు బయటపడింది ఐదేళ్ళ తర్వాత, నోరు ఎండిపోతోందని. పాప అప్పుడే చెప్పేసింది, మాకు వినబడడానికి టైం పట్టింది.

మొదటి పిల్ల దగ్గరికి వస్తాను. మోకాల్లో ఇంజెక్షన్, తర్వాత మెథోట్రెక్సేట్. మామ్మగారు వంకాయ, గోంగూర, పెరుగు అన్నీ మానిపించేసి ఉన్నారు, వాతం చేస్తాయని. మళ్ళీ పెట్టించడానికి మందు పెట్టించినంత కష్టపడ్డాను. ఆరో ఏట ఒకరోజు తల్లి తీసుకొచ్చింది. ఇంట్లో మిషన్ కుడుతుందామె. "పరికిణీ సమంగానే కుడుతున్నానండి. ఇది వేసుకుంటే మాత్రం ఎడమవైపు పైకి లేస్తోంది. నా చెయ్యి తప్పుతోందా అనుకున్నాను" అంది. చెయ్యి తప్పలేదు. చిన్నవయసులో కీలు వాచి ఉంటే అక్కడికి రక్తం ఎక్కువ పారి ఆ కాలి ఎముక తొందరగా ఎదుగుతుంది. జబ్బు కాలే పొడుగవుతుంది. నా టేపు కనబడకపోతే ఆమె సంచిలోంచి తన టేపు తీసిచ్చింది. నడుం ఎముక నుంచి చీలమండ దాకా కొలిచాం. అర అంగుళం తేడా. కుడి చెప్పులో ఒక మెత్త వేయించాం, కాలక్రమేణా చాలావరకు సర్దుకుంది. అన్ని స్కాన్లూ ఉన్న నాకంటే ముందు దర్జీ కన్ను పట్టింది.

ఆ పిల్లకి ఇప్పుడు పదహారు దాటాయి. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. జబ్బు మధ్యలో రెండేళ్ళు పూర్తిగా నిద్రపోయింది, మందు ఆపాం, పధ్నాలుగో ఏట మళ్ళీ లేచింది. పధ్నాలుగో ఏటి నుంచే నేను తల్లిని ఐదు నిమిషాలు బయట కూర్చోమంటున్నాను. ఇది ఎవరికీ నచ్చదు. ఎప్పటికైనా పిల్ల గర్భం గురించి తెలుసుకోవాలి, ఈ మాత్ర ఆపకుండా గర్భం రాకూడదని తెలియాలి. "దానికవన్నీ ఇప్పుడెందుకండీ" అంటారు. పెళ్ళివారికి ఫైలు చూపించద్దని బతిమాలేవాళ్ళూ వీళ్ళే. మొదటిసారి తల్లి బయటికెళ్ళాక ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. "ఎలా ఉంది?" అంటే తలుపు వైపు చూసింది, జవాబు అమ్మ దగ్గరుందన్నట్టు.

పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి కొత్త నంబరు నుంచి మెసేజ్. "మేడమ్, రేపు ఎగ్జామ్. బుధవారం మాత్ర గురువారం వేసుకోవచ్చా? ఈ ఒక్కసారికే." కింద తన పేరు, తన ఓపీ నంబరు. ఇంతవరకూ ఆ ఇంటి నుంచి వచ్చిన ప్రతి ఫోనూ వాళ్ళమ్మదే. "వేసుకోమ్మా. వచ్చే వారం మళ్ళీ బుధవారమే" అని రాశాను. బొటనవేలు బొమ్మ వచ్చింది.

ఐదు నిమిషాల తర్వాత వాళ్ళమ్మ ఫోన్. "మేడమ్ గారూ, రేపు అమ్మాయికి ఎగ్జామండి, మాత్ర ఎల్లుండికి..."

"మీ అమ్మాయినడగండి, తనకి తెలుసు" అన్నాను.